ప్లగ్గు చిన్నదే, ఆగేది లోడు బండి
(చాట్రాయిలో మామిడి కోతలకు ముందు రైతులు, ట్రక్కు డ్రైవర్లు, స్ప్రేయరు కూలీలు కలిసి కూర్చున్న సమావేశంలో సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సమావేశమంటే గిట్టుబాటు ధర గురించో, కరెంటు గురించో, పంట బీమా గురించో మాట్లాడతామని అందరికీ తెలుసు. ఈసారి ఇంజిన్‌లో ఉండే బొటనవేలంత వస్తువు గురించి మాట్లాడుతున్నాం. దాని పేరు స్పార్క్ ప్లగ్గు. ‘ఇది మెకానిక్ షెడ్డులో తేలాల్సిన మాట, సంఘానికి దీంతో పనేమిటి?’ అని కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పి అసలు సంగతిలోకి వెళ్తాం.

మన పంట బంగినపల్లి, చిన్నరసం, కొత్తపల్లి కొబ్బరి, కలెక్టరు. ఏదైనా సరే, చిక్కంతో కాయ కోసిన క్షణం నుంచి దాని గడియారం తిరగడం మొదలవుతుంది. వడ్లయితే బస్తాల్లో పోసి వారం ఆగొచ్చు. మొక్కజొన్నయితే కళ్లంలో పట్టా కప్పి ఉంచొచ్చు. మామిడి కాయ ఆగదు. పొద్దున్నే కోసి, సొన ఆరబెట్టి, ట్రేలలో సర్ది, చాట్రాయి నుంచో చనుబండ నుంచో పోతనపల్లి నుంచో బయలుదేరితే, నున్న మార్కెట్‌కు సరుకు వేళకు చేరాలి. దారిలో బండి ఆగిపోతే ఆ వేళ తప్పుతుంది. వేళ తప్పిన సరుకుకు ధర చెప్పేది రైతు కాదు, కొనేవాడు. ఎండలో పేర్చిన ట్రేల మధ్య వేడి పెరిగి కాయ మెత్తబడితే తరుగు పేరుతో కోత. ఒక్క ప్లగ్గు ఖరీదు ఒకటి రెండు లీటర్ల పెట్రోలు ఖరీదుకు మించదు. దానివల్ల పోయేది మాత్రం లోడు మొత్తం విలువలో ఒక ముక్క. ఇది రైతు ఆదాయానికి సంబంధించిన విషయం కాబట్టే సంఘం మాట్లాడుతోంది.

ముందు ఒక మాట తేల్చుకుందాం. అన్ని బండ్లకూ ఈ ప్లగ్గు ఉండదు. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు. అందులో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. కొన్ని డీజిల్ బండ్లలో ఉండేది హీటర్ ప్లగ్గు. చలివేళ స్టార్టు కావడానికి గదిని వేడెక్కించడమే దాని పని, నిప్పురవ్వ కొట్టదు. పెద్ద లారీ, ట్రాక్టరు, పాత డీజిల్ టాటా ఏస్ ఉన్నవాళ్లు ‘ప్లగ్గు మార్చాం’ అని ఎవరైనా బిల్లు వేస్తే, ఏ ప్లగ్గు మార్చారో చూపించమని అడగండి.

స్పార్క్ ప్లగ్గు ఉండేది పెట్రోలు, సీఎన్‌జీ, ఎల్‌పీజీ ఇంజిన్లలో. మన పల్లెల్లో అవి ఏవంటే పెట్రోలు, గ్యాస్ చిన్న ట్రక్కులు, పాత ఓమ్ని వ్యాన్లు, అక్కడక్కడా మిగిలిన పాత పెట్రోలు జీపులు, సీఎన్‌జీ పికప్‌లు, ఇవికాక తోటల్లో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లు, నీళ్లు తోడే చిన్న పెట్రోలు ఇంజిన్లు. మన ఊళ్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఎవరి వీధిలో వాళ్లు లెక్క పెట్టుకుంటే ఆశ్చర్యపోతారు.

ఒకప్పుడు లారీలు చాలావరకు పెట్రోలువే. బెడ్‌ఫోర్డు, షెవర్లే, డాడ్జ్ లారీలను చూసిన పెద్దలు కొందరు ఇంకా ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకు రేషను పెడితే, వెనక బొగ్గు పొయ్యి కట్టుకుని ఆ గ్యాసుతో నడిచిన బొగ్గు బస్సుల కథలు మన తాతలు చెప్పేవారు. ఆ బొగ్గు గ్యాసును అంటించింది కూడా స్పార్క్ ప్లగ్గే. 1954లో టాటాలు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టాక డీజిల్ లారీ దేశమంతా పరుచుకుంది. లారీ మెకానిక్‌కు ప్లగ్గుతో పని తగ్గిపోయింది. 2005లో టాటా ఏస్ వచ్చి చిన్న ట్రక్కు పల్లెకు చేరింది. అది మొదట డీజిలే. తర్వాత సీఎన్‌జీ, పెట్రోలు రకాలు వచ్చాయి. అలా ప్లగ్గు మళ్లీ మన రవాణాలోకి వచ్చింది. కానీ దాన్ని చూసుకునే అలవాటు మాత్రం తిరిగి రాలేదు. డీజిల్ బండి నడిపిన చేతులు పెట్రోలు బండిని కూడా ‘ఆయిలు పోస్తే చాలు’ అన్నట్టు నడుపుతున్నాయి. ఇబ్బంది అక్కడే మొదలవుతోంది.

ప్లగ్గు చేసే పని ఏమిటి?

బ్యాటరీలో ఉండేది 12 వోల్టులు. కాయిల్ దాన్ని పదిహేను ఇరవై వేల వోల్టులకు, కొన్ని బండ్లలో ఇంకా ఎక్కువకు పెంచుతుంది. ఆ కరెంటు ప్లగ్గు కొసన ఉన్న రెండు లోహపు ముక్కల మధ్య సందును దూకినప్పుడు రవ్వ పుడుతుంది. ఆ రవ్వకు గాలి, పెట్రోలు కలిసిన ఆవిరి అంటుకుని పిస్టన్‌ను కిందికి తోస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్గు నిమిషానికి 1,500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు రవ్వ కొట్టాలి. రెండు స్ట్రోకుల స్ప్రేయరు 6,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 సార్లు. ఒక్క మామిడి సీజనులో ఆ చిన్న ముక్క ఎన్ని కోట్ల సార్లు పని చేస్తుందో ఆలోచించండి.

నాలుగు సిలిండర్ల బండిలో ఒక ప్లగ్గు పని మానేస్తే సుమారు నాలుగో వంతు బలం పోతుంది. డ్రైవరు దాన్ని ‘మిస్సింగ్ కొడుతోంది’ అంటాడు. బలం పోయింది గదా అని పెట్రోలు తాగడం తగ్గదు. ఆ సిలిండరులోకి వెళ్లిన పెట్రోలు మండకుండానే బయటికి పోతుంది. కొంత కిందికి జారి ఇంజినాయిలును పలచన చేస్తుంది. సైలెన్సరులో క్యాటలిటిక్ కన్వర్టరు ఉన్న బండిలో ఆ మండని పెట్రోలు అక్కడికి చేరి అంటుకుని, ఆ భాగాన్నే కరిగించేంత వేడి పుట్టిస్తుంది. ప్లగ్గు వందల్లో తేలే ఖర్చు, కన్వర్టరు వేలల్లో తేలే ఖర్చు. పొల్యూషన్ పరీక్షలో బండి తప్పడానికీ ఇదొక కారణమే.

మన దారులు, మన లోడు

ప్లగ్గు కొస మరీ చల్లగా ఉండకూడదు, మరీ వేడెక్కకూడదు. సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు దాటితేనే తనమీద పడ్డ మసిని తానే కాల్చుకుని శుభ్రపడుతుంది. 850 డిగ్రీల పైకి పోతే రవ్వ అక్కర్లేకుండానే పెట్రోలు ముందే అంటుకోవడం మొదలై పిస్టన్‌కు ముప్పు తెస్తుంది. ఈ రెండింటి మధ్యే దాని బతుకు.

ఇప్పుడు మన బండి రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున తోటలోకి వెళ్తుంది. చెట్టు చెట్టుకూ ఆగుతూ, మొదటి గేరులో పాకుతూ, ట్రేలు ఎక్కించేంతసేపూ ఇంజిన్ ఆపకుండా నిలబడుతుంది. అప్పుడు ప్లగ్గు కొస చల్లగా ఉండి మసి పడుతుంది. పైగా తోట దారిలో లేచే ఎర్రదుమ్ము ఎయిర్ ఫిల్టరును మూసేస్తుంది. గాలి తగ్గితే పెట్రోలు పాలు పెరిగి మసి రెట్టింపవుతుంది. సాయంత్రానికి నిండా లోడుతో, చాలాసార్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ లోడుతో, మే నెల వేడిలో రోడ్డెక్కి గట్టిగా తొక్కుతాం. మసి పట్టిన ప్లగ్గుకు అప్పుడే గట్టి రవ్వ కావాలి. సరిగ్గా అక్కడే మొరాయిస్తుంది. అందుకే ‘తోటలో బాగానే ఉంది, రోడ్డెక్కగానే ఆగింది’ అని డ్రైవర్లు చెప్పే మాటలో వింతేమీ లేదు.

దీనికి మొదటి మందు ఖర్చు లేనిది. ట్రేలు ఎక్కించేటప్పుడు ఇంజిన్ ఆపండి. చోక్ ఉన్న పాత బండిలో ఇంజిన్ వేడెక్కగానే చోక్ పూర్తిగా లోపలికి తోయండి. కోతల రోజుల్లో ఎయిర్ ఫిల్టరును వారానికొకసారైనా విప్పి చూడండి. కాగితపు ఫిల్టరును దులపవచ్చు గాని కడగకూడదు. చిరిగినా, నూనె పట్టినా మార్చాల్సిందే.

ప్లగ్గు చెప్పే కబురు

వైద్యుడు నాలుక చూసినట్టు మంచి మెకానిక్ ప్లగ్గు కొసను చూస్తాడు. ఈ చూపు రైతుకూ డ్రైవరుకూ రావాలి. పెట్రోలు బండిలో కొస లేత ఇటుక రంగులోనో, బూడిద కలిసిన గోధుమ రంగులోనో పొడిగా ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు.

వేలికి అంటుకునే పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అన్నమాట. ఫిల్టరు, చోక్, కార్బురేటరు చూడాలి. రవ్వ బలహీనంగా ఉన్నా ఇలాగే ఉంటుంది.

తడిగా, నల్లగా, జిడ్డుగా ఉంటే ఇంజినాయిలు పైకి వస్తోంది. పిస్టన్ రింగులు అరిగాయో, వాల్వు సీళ్లు పోయాయో చూడాలి. పాత ఇంజిన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇక్కడ కొత్త ప్లగ్గు వేస్తే నాలుగు రోజులు నడుస్తుంది, మళ్లీ అదే కథ. నాలుగు ప్లగ్గుల్లో ఒక్కటే జిడ్డుగా ఉంటే జబ్బు ఆ ఒక్క సిలిండరుదే.

కొస తెల్లగా సున్నం కొట్టినట్టు ఉండి, పింగాణీ మీద బొబ్బలు లేచినా, లోహం కరిగినట్టు కనిపించినా ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతోంది. రేడియేటరులో నీళ్లు, టైమింగు, పెట్రోలు సరిపడా రాకపోవడం, తప్పుడు నంబరు ప్లగ్గు ఇవన్నీ చూడాలి. ఈ గుర్తు కనిపిస్తే ఆ రోజు లోడు ఎత్తకండి. మసి పట్టిన ప్లగ్గు బండిని ఆపుతుంది, కాలిన ప్లగ్గు మాత్రం ఇంజిన్‌నే తినేస్తుంది.

పింగాణీ పగిలినా, రెండు లోహపు ముక్కలు గుండ్రంగా అరిగిపోయినా ఆలోచన అక్కర్లేదు, మార్చేయాలి.

ప్లగ్గు చాలాసార్లు జబ్బు కాదు, జబ్బు చూపించే గుర్తు. అందుకే విప్పిన ప్లగ్గులను షెడ్డులో పారేయనివ్వకండి. ఏది ఏ సిలిండరుదో వరసగా పెట్టించి మీ కళ్లతో చూడండి.

విప్పడం, బిగించడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్గు విప్పాలి. ఈ బండ్లలో చాలావాటి హెడ్డు అల్యూమినియంది. వేడిమీద విప్పితే మరలు ఊడివస్తాయి. విప్పే ముందు ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును గాలితోనో కుంచెతోనో ఊడ్చేయాలి. మన ఎర్రదుమ్ము చిటికెడు సిలిండరులో పడితే రింగులకు గరుకు కాగితం రాసినట్టే. ప్లగ్గు తీగలు ఉన్న పాత బండిలో ఒక్కో తీగకు నంబరు చీటీ కట్టాకే తీయాలి. తీగ పట్టి లాగకూడదు, టోపీ పట్టి లాగాలి. తీగలు తారుమారైతే బండి స్టార్టు కాదు, లేదా వెనక్కి పేలుతుంది.

సందు కొలవడానికి ఫిల్లరు గేజి వాడాలి. బ్లేడు ముక్కతోనో కంటి చూపుతోనో కొలిచేది కొలత కాదు. చాలా చిన్న పెట్రోలు ఇంజిన్లకు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది. బండికీ బండికీ తేడా ఉంటుంది కాబట్టి మీ బండి పుస్తకంలో ఉన్న అంకే పట్టుకోవాలి. నడిచేకొద్దీ లోహం అరిగి సందు పెరుగుతుంది. సందు పెరిగితే దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, కాయిల్ మీద భారం పడుతుంది. చివరకు కాయిల్ కాలిపోతుంది. సందు సరిచేసేటప్పుడు పైన వంగి ఉన్న ముక్కనే మెల్లగా వంచాలి, మధ్య కడ్డీని కదపకూడదు.

ఇనుప బ్రష్షుతో గట్టిగా రుద్దడం మన షెడ్లలో మామూలు. రుద్దిన బ్రష్షు లోహం పింగాణీకి గీతల్లా అంటుకుని, రవ్వ సందులో దూకకుండా ఆ గీతల వెంట జారిపోతుంది. మామూలు ప్లగ్గయితే మెత్తని బ్రష్షు, కొంచెం పెట్రోలు చాలు. బాగా ఆరాకే బిగించాలి. సన్నటి కొస ఉండే ఇరిడియం, ప్లాటినం ప్లగ్గులను మాత్రం బ్రష్షుతో ముట్టుకోవద్దు.

బిగించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాలి. చేతికి సాఫీగా దిగకపోతే మర పక్కకు పడుతున్నట్టే, బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. సీటు తాకాక, వాషరు ఉన్న కొత్త ప్లగ్గుకు పానాతో అర చుట్టు సరిపోతుంది. వాడిన ప్లగ్గుకు ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు చాలు. వాషరు లేకుండా కింద కోసుగా ఉండే రకానికి పదహారో వంతు చుట్టు చాలు. వదులుగా ఉంటే వేడి హెడ్డులోకి దిగక ప్లగ్గు కాలుతుంది. అతిగా బిగిస్తే మర పోయి హెడ్డు మరమ్మతు ఖర్చు మీద పడుతుంది.

నంబరు, నకిలీ, బిల్లు

ప్లగ్గు మీద ఉన్న నంబరు అలంకారానికి కాదు. మర సైజు, పొడవు, వేడిని బయటికి పంపే గుణం అన్నీ అందులోనే ఉంటాయి. ఎన్‌జీకే ప్లగ్గులో అంకె పెరిగేకొద్దీ అది ‘చల్లటి’ ప్లగ్గు, అంటే వేడిని త్వరగా బయటికి పంపేది. బాష్, ఛాంపియన్ ప్లగ్గుల్లో లెక్క తిరగబడుతుంది, అంకె పెరిగితే ‘వేడి’ ప్లగ్గు. అందుకే కంపెనీ మారినప్పుడు అంకె చూసి కొనకూడదు. బండి పుస్తకంలో ఉన్న నంబరుకు సరిజోడు ఏదో అడిగి తీసుకోవాలి. ‘మరకు సరిపోయింది గదా’ అని పొడవాటి ప్లగ్గు వేస్తే పిస్టన్ వచ్చి కొడుతుంది.

పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీ సరుకు అమ్మే చోట్లు ఉన్నాయి. అచ్చు మసకగా ఉన్నా, పింగాణీ మీద అక్షరాలు గోటికి రాలుతున్నా, ధర అనుమానంగా తక్కువున్నా తీసుకోవద్దు. బిల్లు లేకుండా అసలే వద్దు. ఇక్కడ ఒక హక్కు సంగతి ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ప్లగ్గు, కాయిల్ కూడా అందులోనివే. ఆ తగ్గింపు మన చేతికి వచ్చిందా లేదా అన్నది బిల్లు ఉంటేనే తెలుస్తుంది. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. బిల్లు అడగడం దుకాణదారును అనుమానించడం కాదు, మన లెక్క మనం చూసుకోవడం.

గ్యాసు బండ్లు

సీఎన్‌జీ ఖర్చు తక్కువని చాలామంది అటు మారారు. మంచిదే. కానీ గ్యాసును అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. కాబట్టి ప్లగ్గు, కాయిల్, తీగ ఈ మూడింటి మీదా భారం ఎక్కువ. పెట్రోలు మీద నడిచేటప్పుడు బయటపడని చిన్న లోపం గ్యాసు మీద మిస్సింగ్‌గా బయటపడుతుంది. ‘పెట్రోలు మీద బాగుంది, గ్యాసు మీదే కొడుతోంది’ అంటే గ్యాసు కిట్టును తిట్టే ముందు ప్లగ్గూ తీగా చూడండి. గ్యాసు బండికి చెప్పిన సందు, మార్చవలసిన కిలోమీటర్లు వేరుగా ఉండవచ్చు, పుస్తకం చూడాలి. గ్యాసు శుభ్రంగా మండుతుంది కాబట్టి ప్లగ్గు కొస కాస్త తెల్లగా ఉండటం మామూలే. పెట్రోలు బండి రంగుల లెక్కతో దాన్ని చూసి కంగారు పడవద్దు. బొబ్బలు, కరుగుడు ఉన్నాయా అన్నదే చూడాలి.

ఇథనాలు కలిసిన పెట్రోలు

ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో ఇథనాలు 20 శాతం దాకా ఉంటోంది. ఈ20 అమ్మకం 2023లో మొదలై తర్వాత దేశమంతా వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్ల భాగాలను దీనికి తట్టుకునేలా చేశారు. మన పాత బండ్లు, పాత స్ప్రేయర్లు అంతకుముందువి. ఇథనాలులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, కార్బురేటరు ఇంజిన్‌లో గాలి పాలు పెరిగినట్టయి వేడి పెరగవచ్చు. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు నిలవ ఉంటే నీళ్లు అడుక్కి దిగుతాయి. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి పగులుతాయి, ఆ నలుసులు కార్బురేటరులో అడ్డం పడతాయి. చివరికి అందరూ నింద వేసేది ప్లగ్గు మీదే.

మన మెట్టలో మొక్కజొన్న వేసేవాళ్లు ఉన్నారు. ఆ గింజకు ఇథనాలు ఫ్యాక్టరీల గిరాకీ మేలే చేస్తుంది. ఆ గిరాకీ ఉండాలి, దాని లాభం రైతుకు అందాలి. అలాగే పాత బండి ఉన్న చిన్న రైతు ఇంజిన్ మరమ్మతు భారం ఒంటరిగా మోయకూడదు. ఈ రెండు మాటలూ ఒకేసారి అడగడంలో తప్పు లేదు. పాత ఇంజిన్లకు గొట్టాలు, సీళ్లు మార్చుకునే దారిని కంపెనీలు మండల స్థాయి దాకా అందుబాటులోకి తేవాలి. మనం మాత్రం గొట్టాలు ఏటా చూసుకోవాలి, సీజను అయ్యాక స్ప్రేయరు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో పెట్రోలు అయిపోయేదాకా నడిపి ఆపాలి.

స్ప్రేయరు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. పూత మీద తేనె మంచు పురుగు, బూడిద తెగులు కనిపించినప్పుడు మందు కొట్టే అదును కొద్ది రోజులే. ఆ రోజున స్ప్రేయరు లేవకపోతే పూత పోతుంది. రెండు స్ట్రోకుల స్ప్రేయరులో ఆయిలు పాలు మిషను మీద రాసినంతే కలపాలి. ‘ఇంకొంచెం పోస్తే ఇంజిన్‌కు మంచిది’ అని పోసిందంతా ప్లగ్గు మీద మసిగా కూర్చుంటుంది.

కోతలకు ముందు, దారిలో

ప్రతి బండికీ కోతలు మొదలయ్యే ముందు ఈ పని జరగాలి. ప్లగ్గులు విప్పి చూడటం, సందు కొలవడం, గడువు దాటితే అన్నీ ఒకేసారి మార్చడం. తీగలు, టోపీలు పగిలాయేమో చూడటం. డెల్కో ఉన్న పాత బండిలో పాయింట్లు, రోటరు, కప్పు చూడటం. ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ టెర్మినళ్లు, రేడియేటరు చూడటం. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, చేతులు దూరంగా పెట్టి, ఇంజిన్ తిరుగుతుండగా తీగల వెంట నీలి మెరుపు కనబడుతోందేమో చూడండి. కనబడితే కరెంటు అక్కడ కారిపోతోంది. ఇంజిన్ కడిగేటప్పుడు ప్లగ్గు గుంటల్లో నీళ్లు పోయనీయవద్దు.

బండిలో ఒక చిన్న డబ్బా ఉండాలి. సరైన నంబరు కొత్త ప్లగ్గులు రెండు, ప్లగ్గు పానా, ఫిల్లరు గేజి, పొడిగుడ్డ, టార్చి లైటు. కొత్త ప్లగ్గుల సందు ముందే కొలిచి పెట్టుకోవాలి, చీకట్లో రోడ్డు పక్కన ఆ పని కుదరదు.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి. తీసిన ప్లగ్గును ఇంజిన్‌కు ఆనించి రవ్వ వస్తోందా అని చూడటం మనవాళ్లకు అలవాటు. తెరిచి ఉన్న సిలిండరు రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంటుంది. గ్యాసు బండయితే చెప్పనక్కర్లేదు. ఆ రవ్వకు అది అంటుకోవచ్చు. కొత్త ఎలక్ట్రానిక్ బండ్లలో ఇంజిన్ తిరుగుతుండగా కాయిల్ టోపీ లాగితే చేతికి షాకు, బండి కంప్యూటరుకు నష్టం. గ్యాసు వాసన వస్తే వాల్వు మూసి, దూరంగా జరిగి, తెలిసిన మెకానిక్‌ను పిలవాలి. లోడు ఎంత విలువైనదైనా మనిషి కంటే కాదు.

నష్టం ఎవరిది?

చివరిగా మన మధ్య ఉన్న చిక్కు మాట. బండి దారిలో ఆగితే రైతు డ్రైవరును తిడతాడు, డ్రైవరు కిరాయి పోగొట్టుకుంటాడు. ఇద్దరి తగువులో సరుకు తరుగు లెక్క ఎవరూ అడగరు. ఆ డ్రైవరు ఎక్కువసార్లు రైతు బిడ్డే. ఫైనాన్సు కిస్తీ కట్టాలి, పదిహేనేళ్లు దాటిన బండికి పెరిగిన ఫిట్‌నెస్ ఫీజు కట్టాలి. అందుకే మరమ్మతును రేపటికి వాయిదా వేస్తాడు. కిరాయి దగ్గర రూపాయి రూపాయికీ బేరమాడే రైతు, ఆ వాయిదాకు తానూ ఒక కారణమని గుర్తించాలి. అతిలోడు ఎక్కించమని ఒత్తిడి చేయకూడదు. డ్రైవరు కూడా ‘నడిచినన్నాళ్లు నడవనీ’ అనుకుని పక్కవాడి పంటతో పందెం కాయకూడదు.

సంఘం తరఫున మేము పెడుతున్న ప్రతిపాదనలు ఇవి. కోతలకు ముందు గ్రామాల వారీగా ఒక రోజు బండ్ల తనిఖీ పెట్టుకుందాం. నమ్మకమైన మెకానిక్‌ను పిలుద్దాం, ఆయన కూలి సంఘం, బండ్ల యజమానులు కలిసి ఇద్దాం. ఫిల్లరు గేజి, టార్క్ పానా సంఘం గదిలో ఉంచుదాం, కావలసినవాళ్లు తీసుకెళ్లి తిరిగి ఇవ్వాలి. ప్రతి బండికీ ఒక చిన్న నోటు పుస్తకం పెడదాం. ప్లగ్గు నంబరు, వేసిన తేదీ, కిలోమీటరు, బిల్లు అందులో ఉండాలి. ఒక బండి దారిలో ఆగితే, దగ్గరలో ఖాళీగా ఉన్న బండి వెళ్లి సరుకు అందుకునేలా డ్రైవర్ల ఫోను నంబర్ల జాబితా ప్రతి తోటలో ఉండాలి. ఆ అదనపు కిరాయి రైతు, ఆగిన బండి యజమాని ఎలా పంచుకోవాలో ముందే రాసుకుందాం. రోడ్డు మీద నిలబడి తేల్చుకోవద్దు.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. వ్యవసాయ యంత్రాల శిక్షణలో ట్రాక్టరు ఒక్కటే కాదు, పెట్రోలు స్ప్రేయరు, చిన్న ట్రక్కు మరమ్మతు కూడా చేర్చాలి. మన పల్లెల యువతకు, ఆడపిల్లలకూ ఆ శిక్షణ ఇవ్వాలి. నకిలీ విడిభాగాల మీద సీజనుకు ముందే తనిఖీలు జరగాలి. మార్కెట్ యార్డులో ఆలస్యంగా చేరిన సరుకును కూడా తూకం వేసి, బహిరంగంగా పాట పెట్టే పద్ధతి ఉండాలి. బండి ఆగిన పాపానికి రైతు రెండుసార్లు నష్టపోకూడదు.

ధర మన చేతిలో లేదు, వాన మన చేతిలో లేదు. ప్లగ్గు సందు మన చేతిలో ఉంది. చేతిలో ఉన్నది సరిచేసుకుని, లేనిదాని కోసం కలిసి కొట్లాడటమే సంఘం పని. ఈ వారమే మీ మీ ఊళ్లలో బండ్ల పేర్లు రాసి పంపండి. ఏ ఊరు ముందు పంపితే తనిఖీ అక్కడినుంచే మొదలుపెడదాం.